సింగపూర్‌లో 14 గంటలు, చేతికి మిగిలేవి ఆరు

ప్రశ్న: మాది కావలి. మే నెలలో సిడ్నీలో ఉన్న మావారి అక్కయ్య ఇంటికి పోతున్నాం. మేమిద్దరం, మామగారు (70), అత్తగారు (64), బాబు (9), పాప (4). చెన్నైలో రాత్రి 11 దాటాక విమానం ఎక్కి, ఉదయం 6.10కి సింగపూర్‌లో దిగుతాం. సిడ్నీ విమానం అదే రోజు రాత్రి 8.10కి. మధ్యలో పద్నాలుగు గంటలు ఖాళీ. మెర్‌లయన్ బొమ్మ, గార్డెన్స్ తోట, సెంతోసా దీవి, లిటిల్ ఇండియా, ముస్తఫా కొట్టు అన్నీ చుట్టేసి వద్దామని మావారు. విమానం తప్పిపోతే దిక్కెవరు, ఎయిర్‌పోర్టులోనే కూర్చుందామని మామగారు. గుడి ఒక్కటి చూపిస్తే చాలని అత్తగారు. బయటికి పోవాలంటే ఆరుగురికీ సింగపూర్ వీసా తీయాలని టికెట్ల ఏజెంటు. ఆస్ట్రేలియా విజిటర్ వీసాలు మాత్రం అందరికీ వచ్చేశాయి. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, మామగారికి షుగరు. ఎవరి మాట వినమంటారు?
— ఒక కోడలు, కావలి

జవాబు: మామగారి మాట సగం వినండి, అత్తగారి మాట పూర్తిగా వినండి. మీవారి జాబితాలో ఒక్కటి ఉంచి మిగతావి కొట్టేయండి. ఏజెంటు చెప్పిన వీసా మీకు అక్కర్లేదు, కాకపోతే దానికి కొన్ని షరతులున్నాయి.

ముందు గంటల సంగతి. మీరు పద్నాలుగు గంటలని లెక్క వేసుకున్నది చాంగీ విమానాశ్రయం నుంచి. ఒంటికి మాత్రం ప్రయాణం కావలిలోనే మొదలవుతుంది. కావలి నుంచి చెన్నై మీనంబాకం విమానాశ్రయం సుమారు 230 కిలోమీటర్లు. నెల్లూరు, సూళ్ళూరుపేట, తడ దాటేదాకా రోడ్డు బాగానే ఉంటుంది. గుమ్మిడిపూండి నుంచి రెడ్‌హిల్స్ దాకా, ఆ తర్వాత మధురవాయల్ దగ్గర సాయంత్రం పూట ఎంతసేపు ఆగిపోతామో చెప్పలేం. అంతర్జాతీయ విమానానికి మూడు గంటల ముందు చేరాలి కాబట్టి, మే ఎండలో మధ్యాహ్నం రెండు, రెండున్నరకే ఇంట్లో బయలుదేరాలి. చెన్నై నుంచి సింగపూర్ నాలుగు గంటల పైచిలుకు. అందులో అర్ధరాత్రి భోజనం పెడతారు, దీపాలు తీసేది ఆ తర్వాతే. నిద్ర పట్టినా రెండు గంటలే. సింగపూర్ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. అక్కడ 6.10 అంటే మీ పాప ఒంటికి తెల్లవారుజామున 3.40. ఆ రాత్రి మళ్ళీ ఎనిమిది గంటల ప్రయాణం. అంటే రెండు నిద్రలేని రాత్రుళ్ళ మధ్య వచ్చే పగలు ఇది. పెంచలకోన, జొన్నవాడ, మైపాడు బీచి ఒకే రోజులో చుట్టి వస్తే ఇంటికి చేరేసరికి పిల్లలూ పెద్దలూ ఎలా ఉంటారో మీకు తెలుసు. ఆ ముందురాత్రి నిద్ర కూడా లేదనుకోండి, మీవారి జాబితా అలాంటిది.

ఇప్పుడు వెనక నుంచి రండి. విమానం 8.10కి. గేటు దగ్గర 7 గంటలకు ఉండాలి. అంతకుముందు రెండు గంటలు లోపల కాళ్ళు చాపుకుని, ముఖాలు కడుక్కుని, బట్టలు మార్చుకోవడానికి పెట్టుకోండి. అంటే 5కి ఇమిగ్రేషన్ దాటి లోపలికి వచ్చేయాలి. ఆ ముందు విమానాశ్రయంలోనే జలపాతం ఉన్న భవనం, జ్యువెల్‌కు గంటన్నర. అంటే ఊళ్ళో నుంచి 3.30కి విమానాశ్రయం చేరాలి. ఉదయం దిగాక స్నానం, టిఫిను, పిల్లలకు ఒక కునుకు అయ్యేసరికి 9.15. తొమ్మిదింబావు నుంచి మూడున్నర, మీ చేతికి దక్కేవి ఇవే. రానూపోనూ ప్రయాణం కూడా వీటిలోదే.

వీసా సంగతి. మామూలుగా భారత పాస్‌పోర్టుకు సింగపూర్ వీసా కావాల్సిందే, మీ ఏజెంటు చెప్పింది అదే. అయితే సింగపూర్ మీదుగా మూడో దేశానికి పోయే భారతీయులకు 96 గంటల వీసా రహిత ట్రాన్సిట్ సౌకర్యం ఒకటుంది. ఆస్ట్రేలియా, కెనడా, జర్మనీ, జపాన్, న్యూజిలాండ్, స్విట్జర్లాండ్, బ్రిటన్, అమెరికా, వీటిలో ఏదో ఒక దేశం వీసా ఉండాలి. సింగపూర్‌లో అడుగు పెట్టే నాటికి ఆ వీసాకు కనీసం ఒక నెల గడువు మిగిలి ఉండాలి. 96 గంటల్లోపు బయలుదేరే ఖరారు టికెట్ ఉండాలి. పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు ఉండాలి. మీకు ఇవన్నీ ఉన్నట్టే. తడబడేది ఎక్కడంటే, ఆస్ట్రేలియా వీసా పాస్‌పోర్టులో అంటించి ఇవ్వరు, ఈమెయిల్లో వస్తుంది. ఫోన్లో ఉంది కదా అని వదిలేస్తారు. ఆరుగురి గ్రాంటు లెటర్లూ విడివిడిగా ప్రింటు తీసి, ఎవరిది వాళ్ళ పాస్‌పోర్టులో పెట్టండి. పాపకు కూడా వేరే లెటరు ఉంటుంది, పిల్లే కదా అని వదిలేయొద్దు. ప్రతి లెటర్లోనూ పాస్‌పోర్టు నంబరు సరిగా పడిందా అన్నది ఈ రోజే చూసుకోండి. అది చెన్నై కౌంటరులో తెలిస్తే సరిదిద్దే వేళ ఉండదు.

రెండోది ఎస్‌జీ అరైవల్ కార్డు. ఇమిగ్రేషన్ దాటి బయటికి వెళ్ళేవాళ్ళు ఆన్‌లైన్లో నింపాలి. దిగే రోజుతో కలిపి మూడు రోజుల్లోపే నింపనిస్తుంది, అంతకుముందు కుదరదు. దీనికి డబ్బు కట్టక్కర్లేదు. డబ్బు అడిగితే అది వేరేవాళ్ళ సైటని గుర్తు, సింగపూర్ ప్రభుత్వ సైటు చిరునామా డాట్ గవ్ డాట్ ఎస్‌జీ అని ముగుస్తుంది. తర్వాత దిగబోయే ఊరు అడిగిన చోట సిడ్నీ అని ఇవ్వండి. ఇది కూడా ఆరుగురికీ ఆరు.

చాంగీలో ఆటోమేటిక్ గేట్లుంటాయి. వాటి జోలికి పోకుండా ఆఫీసరు కూర్చున్న కౌంటరుకే పోండి. నలుగురు పెద్దలూ ఇద్దరు పిల్లలూ కలిసే నిలబడి, పాస్‌పోర్టు, వీసా ప్రింటు, రాత్రి విమానం బోర్డింగ్ పాసు మూడూ చేతిలో పెట్టి, ట్రాన్సిట్, రాత్రి సిడ్నీకి పోతున్నాం అంటే చాలు. పంపాలా వద్దా అన్నది చివరికి ఆయన చేతిలో ఉంటుంది. వద్దంటే వాదించకండి, లోపల ఏం చేయాలో కింద చెప్పాం.

ఒక సంగతి మీ ఉత్తరంలో లేదు. రెండు విమానాలూ ఒకే టికెట్టు మీద, ఒకే పీఎన్ఆర్‌తో ఉన్నాయా? ఉంటే పెద్ద పెట్టెలు చెన్నైలో వేస్తే నేరుగా సిడ్నీలోనే తీసుకోవచ్చు. కౌంటరులో పెట్టెకు అంటించే చీటీ మీద సిడ్నీ కోడు ఉందో లేదో మీ కళ్ళతో చూడండి. రెండు బోర్డింగ్ పాసులూ అక్కడే అడిగి తీసుకోండి. వేరువేరు టికెట్లయితే మాత్రం పైన వేసిన లెక్కంతా మారిపోతుంది. సింగపూర్‌లో పెట్టెలు దించుకుని, ఎక్కడో దాచి, మళ్ళీ చెక్-ఇన్ చేయాలి. ఆ పనికే రెండు మూడు గంటలు పోతాయి. అప్పుడు ఊళ్ళోకి వెళ్ళే ఆలోచన మానేసి జ్యువెల్‌తో సరిపెట్టుకోవడం మేలు. పాప స్ట్రోలరు విమానం తలుపు దగ్గర అప్పగించేట్టయితే సింగపూర్‌లో తలుపు దగ్గరే తిరిగి ఇచ్చేలా చీటీ వేయమనండి. చెప్పకపోతే అది కూడా పెట్టెలతో పాటు సిడ్నీకి పోతుంది, మీరు పగలంతా పాపను ఎత్తుకుని తిరగాలి.

చేతిసంచిలో ఏముండకూడదో పెద్దవాళ్ళ బ్యాగులు విప్పి చూడండి. గసగసాలు సింగపూర్‌లో నిషేధం. అల్లం వెల్లుల్లి పొడి డబ్బాల పక్కనే మనవాళ్ళు ఒక పొట్లం కట్టి పెడతారు, అది తీసేయండి. పెద్ద పెట్టెల్లో కూడా వద్దు. గుట్కా, ఖైనీ, జర్దా, నశ్యం నిషేధమే. సిగరెట్లకు సుంకం లేని కోటా లేదు, ఒక్క పెట్టె ఉన్నా చెప్పి కట్టాలి. చూయింగ్ గమ్ తీసుకుపోకూడదు. నిద్రమాత్రలు, కోడీన్ ఉన్న దగ్గుమందు ఎవరైనా వాడుతుంటే ముందుగా అనుమతి కావాల్సినవి కొన్ని ఉంటాయి. మందు పేరు పెట్టి అక్కడి ఆరోగ్య శాఖ సైటులో చూసుకుని, డాక్టరు చీటీ వెంట ఉంచండి.

షుగరు మందుల గురించి మామగారి డాక్టర్ని ఒకసారి కలవండి, ముఖ్యంగా ఇన్సులిన్ తీసుకుంటుంటే. అక్కడ ఉదయం 7 గంటల టిఫిను మన గడియారంలో 4.30. అక్కడి వేళకు వేయాలా, ఇక్కడి వేళకు వేయాలా అన్నది ఆయన చెప్పాల్సిందే. ఇన్సులిన్, మాత్రలు చేతిసంచిలోనే ఉండాలి.

ఇక ఆ రోజు. విమానం దిగగానే ఇమిగ్రేషన్ వైపు పరుగెత్తకండి. ట్రాన్సిట్ ప్రాంతంలోనే మొదటి మూడు గంటలు గడపండి. ఊళ్ళో ఆ వేళకు తెరిచి ఉండే చోట్లు ఎలాగూ తక్కువ. టాక్సీ మీటరు మీద కూడా వారపు రోజుల్లో ఉదయం 6 నుంచి 9.30 దాకా పాతిక శాతం అదనం పడుతుంది. లోపల ట్రాన్సిట్ హోటళ్ళలో డబ్బిచ్చి స్నానం చేయొచ్చు. కాళ్ళు చాపుకునే వాలుకుర్చీల చోట్లు ఉచితం. పాప నిద్రపోతే లేపకండి, ఆ గంట మధ్యాహ్నం మీకే పనికొస్తుంది. కుళాయి నీళ్ళు తాగొచ్చు, ఖాళీ సీసాలు నింపుకోండి. స్వెట్టర్లు, సిడ్నీ బట్టలు ఉన్న చేతిసంచులు లగేజీ దాచే కౌంటరులో వేయండి. మేలో సిడ్నీలో చలి మొదలవుతుంది కాబట్టి అవి చేతిలోనే ఉండాలి గానీ సింగపూర్ ఉక్కలో మోయక్కర్లేదు. దాచే కౌంటర్లు ట్రాన్సిట్‌లోనూ, బయటా కూడా ఉన్నాయి. సాయంత్రం తిరిగి ఏ టెర్మినల్ నుంచి లోపలికి వస్తారో అక్కడే దాచండి, లేకపోతే ఆ చివరి గంటలో సంచుల కోసం ఇంకో టెర్మినల్‌కు పోవాలి.

వెంట పోయేవి: పాస్‌పోర్టులు, బోర్డింగ్ పాసులు, మందులు, గొడుగులు రెండు, పాపకు ఒక జత బట్టలు, పల్చటి శాలువా ఒకటి. మేలో అక్కడ మధ్యాహ్నాలు ఉరుములతో వాన పడడం మామూలే. ఎండ మన రోహిణి కార్తెలా మాడ్చదు, 32 డిగ్రీల దగ్గర ఉంటుంది. చెమట మాత్రం నెల్లూరు ఉక్కపోతకు తీసిపోదు.

ఊళ్ళోకి రైలా, టాక్సీనా? రైలు చవక. చాంగీ స్టేషను టెర్మినల్ 2, 3 కిందే ఉంది. కానీ ట్యాప్ చేసే కార్డు మనిషికొకటి కావాలి, ఒక కార్డుతో ఇద్దరు పోలేరు. వీసా లేదా మాస్టర్‌కార్డు అయ్యుండాలి. విదేశీ కార్డయితే వాడిన రోజుకు 60 సెంట్లు అదనం. బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ వాడకం, ట్యాప్ చేసి చెల్లించడం రెండూ ఇక్కడే ఆన్ చేసుకుని పోవాలి. 90 సెంటీమీటర్ల లోపు పిల్లలకే టికెట్టు అక్కర్లేదు, మీ నాలుగేళ్ళ పాప ఆ గీత దాటే ఉంటుంది. మోకాళ్ళ నొప్పులు, నిద్రలేమి, ఆరు కార్డులు, మధ్యలో బండి మారడం, ఇవన్నీ కలిపి చూస్తే మీ ఇంటికి టాక్సీయే సరి. టాక్సీలో నలుగురికి మించి ఎక్కించుకోరు, చంటిపిల్లలైనా లెక్కే. కాబట్టి రెండు టాక్సీలు. విమానాశ్రయం నుంచి ఊళ్ళోకి ఒక్కోటి పాతిక నుంచి నలభై డాలర్ల మధ్య అవుతుంది. విమానాశ్రయం అదనపు రుసుము అందులో కలిసి ఉంటుంది. డాలరుకు 70 రూపాయలు వేసుకోండి.

యాప్‌లో పిలిచే ప్రైవేటు కార్లు ఎక్కాలనుకుంటే ఒక చిక్కుంది. 1.35 మీటర్ల కంటే తక్కువ ఎత్తున్న పిల్లలకు చైల్డ్ సీటు తప్పనిసరి. లేకపోతే డ్రైవరు ఎక్కించుకోడు, మీరు వానలో రద్దు రుసుము కట్టి నిలబడతారు. మీటరు టాక్సీలకు ఆ నిబంధన లేదు. మీకు టాక్సీ మేలని చెప్పడానికి ఇదొక కారణం.

రెండు టాక్సీల్లో ఎక్కేటప్పుడు ఆరు పాస్‌పోర్టులూ మీవారి సంచిలో ఉండకూడదు. మీవారు, అత్తగారు, బాబు ఒక దాంట్లో. మీరు, మామగారు, పాప ఇంకో దాంట్లో. ఎవరి బండిలోవాళ్ళ పాస్‌పోర్టులు వాళ్ళ దగ్గర, రెండు బండ్లలోనూ పనిచేసే ఫోనొకటి, దిగాల్సిన చోటు కాగితం మీద. అర ఎకరం మామిడితోటలో కూడా మనవాళ్ళు తప్పిపోతారు, సెరంగూన్ రోడ్డులో తప్పిపోరని ఏముంది.

మొదట గుడి. సెరంగూన్ రోడ్డులో శ్రీనివాస పెరుమాళ్ కోవెల, ఫారర్ పార్క్ స్టేషను దగ్గర. 1855లో వెలిసిన గుడి. మొదట్లో దీని పేరు నరసింగ పెరుమాళ్ కోవిల్, అంటే నరసింహస్వామి గుడి. శ్రీనివాసుడి పేరు తర్వాత వచ్చింది. పెంచలకోన పోయే ఇంటివాళ్ళు కాబట్టి అత్తగారికి ఈ మాట ముందే చెప్పి తీసుకుపోండి. మధ్యాహ్నం మూసి సాయంత్రం తెరుస్తారు, పన్నెండు లోపు చూడాలి. అందుకే గుడిని రోజులో మొదట పెట్టాలి, చివర పెడితే మూసిన తలుపులే కనిపిస్తాయి. పదింటికి చేరితే ముప్పావు గంటలో నిదానంగా దర్శనం అవుతుంది. పూజారుల దగ్గర తమిళం పనికొస్తుంది. సూళ్ళూరుపేట, తడ వైపు చుట్టాలున్న వాళ్ళకు ఆ మాత్రం వచ్చే ఉంటుంది. తమిళం అక్కడి నాలుగు అధికార భాషల్లో ఒకటి, బోర్డుల మీద కూడా ఉంటుంది.

తర్వాత ఏదైనా తినాలి. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. అక్కడ పదకొండున్నర అంటే కడుపులో తొమ్మిది. అరిటాకు భోజనం పెట్టించినా పిల్లలు ముద్ద ముట్టరు, డబ్బు దండగ. అప్పుడు దోసె, ఇడ్లీ తినిపించి, అసలు భోజనం సాయంత్రం నాలుగింటికి విమానాశ్రయంలో పెట్టుకోండి. అది కావలిలో మధ్యాహ్నం ఒకటిన్నర, సరిగ్గా అన్నం వేళ. గుడి నుంచి ముస్తఫా వైపు నడిస్తే సైయద్ ఆల్వీ రోడ్డులో శాకాహార హోటళ్ళున్నాయి. 1947 నుంచి ఉన్న కోమల విలాస్ సెరంగూన్ రోడ్డుకు రెండో చివర, లిటిల్ ఇండియా స్టేషను వైపు. గుడి నుంచి అక్కడికి దాదాపు కిలోమీటరు, అత్తగారిని నడిపించొద్దు. నాలుగింటి భోజనానికి పెరుగన్నం, పులిహోర పొట్లాలు ఇక్కడే కట్టించుకోండి. ఇమిగ్రేషన్‌లో ఎవరూ అడగరు. గేటు దగ్గర సెక్యూరిటీలో మాత్రం పెరుగు, సాంబారు ద్రవం కిందకే వస్తాయి, అంతకుముందే తినేయాలి.

మీవారికి చేపల పులుసు మీద మనసు పోతుంది. పక్కనే రేస్ కోర్స్ రోడ్డులో చేపతల కూరకు పేరున్న హోటళ్ళున్నాయి. బెండకాయ, అనాసపండు వేసి చేసే ఆ కూర బాగుంటుంది, నెల్లూరు పులుసు అనుకుని మాత్రం పోకండి. నిద్రలేని రాత్రి తర్వాత, ఇంకో విమానం ముందు ఆ కారం పిల్లలకు పెట్టొద్దు.

ముస్తఫాలోకి అడుగు పెట్టకండి. బయటి నుంచి చూపించండి, అంతే. ఆ కొట్లో ఒక్క నెయిల్‌కట్టరు కొని బయటపడినా గంట గడిచిపోతుంది. ఆరుగురు ఆరు అంతస్తుల్లో తేలతారు.

రెండోది, చివరిదీ గార్డెన్స్ బై ద బే. మీవారి జాబితాలో ఉంచమన్న ఒక్కటి ఇదే. పన్నెండున్నరకు టాక్సీ ఎక్కితే పావుగంట ప్రయాణం. గాజు డోముల దగ్గరే దింపమనండి. రైల్లో పోతే లిటిల్ ఇండియా నుంచి డౌన్‌టౌన్ లైన్లో నాలుగో స్టేషను బేఫ్రంట్, కానీ అక్కడి నుంచి ఎండలో నడక ఉంది. ఆరుబయటి తోటకు టికెట్టు లేదు. 25 నుంచి 50 మీటర్ల ఎత్తున్న సూపర్‌ట్రీలు అందులోవే, దూరం నుంచైనా కనిపిస్తాయి. ఆ ఎండలో వాటి కిందికి నడిచి తీరాలని లేదు, వాటి వెలుగుల ఆట ఎలాగూ రాత్రి 7.45కి. మిట్టమధ్యాహ్నం మీరుండాల్సింది చల్లగా ఉండే గాజు డోములో. రెండు డోములున్నాయి, పూలదీ, మబ్బుకొండదీ. రెండూ టికెట్టువే. మీకు ఒక్కటి చాలు, మబ్బుకొండ, అంటే క్లౌడ్ ఫారెస్ట్. తలుపు తీయగానే 35 మీటర్ల జలపాతం ఎదురొస్తుంది, బాబు ఆ ఒక్కటీ చూసినా చాలు. లిఫ్టులో పైకి పోయి, వాలుదారిలో చుట్టూ తిరుగుతూ కిందికి దిగడమే, మోకాళ్ళకు మెట్లు తగలవు. వీల్‌చైరు దొరుకుతుంది, అత్తగారు మొహమాటపడినా తీసుకోండి. తెచ్చిన శాలువా ఇక్కడికే. అప్పుడప్పుడు మరమ్మతుల కోసం డోము మూస్తుంటారు, టికెట్టు కొనేముందు మీ తేదీ వాళ్ళ సైటులో చూసుకోండి. విమానయాన సంస్థ దగ్గర బుక్ చేసుకుంటే వచ్చే వీల్‌చైరు సాయం విమానాశ్రయం గడప దాకానే, ఊళ్ళోకి రాదు.

మెర్‌లయన్ గురించి మీవారు పట్టుబడతారు. 8.6 మీటర్ల బొమ్మ, నీళ్ళు చిమ్ముతూ ఉంటుంది, ఫోటో బాగా వస్తుంది. కానీ అక్కడ నీడ లేదు, ఎక్కి దిగి నడిచేసరికి గంట పడుతుంది. తిరుగు ప్రయాణంలో కూడా ఇదే వీసా రహిత సౌకర్యం వర్తిస్తుంది, అప్పుడు సాయంత్రం వేళ దిగితే చూసుకోండి. సెంతోసాకు పూర్తి రోజు కావాలి, దాని ఊసు వద్దు.

మూడింటికి బయలుదేరండి. ఐదు దాటితే ఆఫీసుల రద్దీ, వాన వస్తే టాక్సీలు దొరకవు. వానలో ఇరుక్కుంటే కంగారు పడక్కర్లేదు, బేఫ్రంట్ నుంచి డౌన్‌టౌన్ లైన్లో ఎక్స్‌పో దాకా నేరుగా పోవచ్చు, అక్కడ మారితే తర్వాతి స్టేషనే విమానాశ్రయం. టాక్సీ కంటే నెమ్మదే గానీ ఆగిపోయేది కాదు. మామగారి భయానికి నిజమైన మందు ఇది, ముందురోజే ఆయనకు రైలు పటం చూపించండి.

జ్యువెల్ ఇమిగ్రేషన్‌కు బయటి వైపున ఉంది, అందుకే లోపలికి వెళ్ళకముందే చూడాలి. 40 మీటర్ల జలపాతం పైకప్పు నుంచి భవనం మధ్యలోకి పడుతుంది, భవనంలోపల ఉన్న జలపాతాల్లో ప్రపంచంలో ఇదే ఎత్తయినది. కూర్చుని చూడొచ్చు. పొట్లాలు ఏదైనా బల్ల దగ్గర విప్పి తినేసి, ఐదుకు ఇమిగ్రేషన్.

లోపలికి వచ్చాక రెండు సంగతులు. చాంగీలో టెర్మినల్ 1, 2, 3లలో సెక్యూరిటీ తనిఖీ గేటు దగ్గరే జరుగుతుంది. లోపలికి వచ్చాక కొన్న నీళ్ళ సీసా కూడా గేటు దగ్గర తీసేసుకుంటారు. సీసాలు ఖాళీ చేసి పోండి. గేటు గదుల్లో చాలావాటికి లోపల బాత్రూము ఉండదు, పిల్లల్ని, పెద్దవాళ్ళని ముందే తీసుకుపోయి రండి. మీ బోర్డింగ్ పాసు మీద ఉన్న గేటు నంబరు పగలంతా అదే ఉంటుందని నమ్మకండి, లోపలికి రాగానే బోర్డు మీద చూడండి.

ఇదంతా మీరే చూసుకోవడం బరువనిపిస్తే ఇంకో దారి ఉంది. ఐదున్నర గంటలకు పైగా, 24 గంటల లోపు ఆగే ట్రాన్సిట్ ప్రయాణికులకు చాంగీ వాళ్ళే ఉచితంగా బస్సు తిప్పుతారు, రెండున్నర గంటలు. టెర్మినల్ 2, 3 ట్రాన్సిట్‌లో కౌంటర్లున్నాయి, ముందే ఆన్‌లైన్లో పేర్లు ఇచ్చుకోవడం మంచిది. ఒకటి గుర్తుంచుకోండి, మీ అంతట మీరు ఇమిగ్రేషన్ దాటి బయటికి వెళ్ళిపోతే దానిలో చేరలేరు. వీసా నియమాలు దానికీ ఇవే. విమానం తప్పే భయం ఉండదు, మామగారు హాయిగా కూర్చుంటారు. కాకపోతే ఆగిన చోటల్లా గుంపుతో పాటు దిగి ఎక్కాలి, గుడిలో ముప్పావు గంట ఎవరూ ఆగరు. ఇల్లంతా కదలలేనంత అలసిపోయి దిగితే అప్పటికప్పుడు దీనికి మారిపోండి. ఓపిక ఉంటే మాత్రం గుడీ తోటే మేలు.

కౌంటరులో ఆఫీసరు వద్దన్నా రోజు పాడు కాదు. టెర్మినల్ 3లో సీతాకోకచిలుకల తోట, 2లో పొద్దుతిరుగుడు పూల తోట, 1లో బ్రహ్మజెముళ్ళ తోట, ఉచిత సినిమా హాలు అన్నీ ఇమిగ్రేషన్ లోపలే. టెర్మినళ్ళ మధ్య తిరిగే స్కైట్రెయిన్ జ్యువెల్ గుండానే పోతుంది, పిల్లల్ని ఎక్కిస్తే ఆ జలపాతం కిటికీలోంచి కనిపిస్తుంది. మిగిలిన డబ్బుతో ట్రాన్సిట్ హోటల్లో ఆరు గంటలు గది తీసుకుని పెద్దవాళ్ళను పడుకోబెట్టండి. అప్పటికప్పుడు దొరకడం కష్టం, ముందే బుక్ చేసుకుంటే మంచిది.

సెరంగూన్ రోడ్డులో మూర పూలు చూడగానే అత్తగారు ఆగిపోతారు. కొననివ్వండి, పగలంతా తల్లో పెట్టుకోనివ్వండి. సిడ్నీలో దిగేముందు మాత్రం తీయించి విమానంలోనే వదిలేయండి. పూలు, ఆకులు, పండ్లు ఆస్ట్రేలియాలోకి తీసుకుపోతే అక్కడి క్వారంటైన్ వాళ్ళకు చెప్పాల్సిందే, చెప్పకపోతే జరిమానా పెద్దది. గుడిలో ఇచ్చిన కొబ్బరిచిప్ప, తులసి కూడా చాంగీలోనే ముగించుకోండి. పెద్ద పెట్టెల్లో ఉన్న పచ్చళ్ళు, మలై కాజా సంగతీ అంతే. విమానంలో ఇచ్చే కార్డు మీద తిండి పదార్థాలున్నాయని అవును దగ్గరే టిక్కు పెట్టండి. పాలతో చేసినవి తీసేసుకుంటే తీసుకోనివ్వండి, మీ వదినకు ఆవకాయ దక్కితే చాలు.